నీళ్లకు దారి వదలని గోడలు

ఖమ్మంలో పల్లపు ప్లాటు కొన్నవాళ్లం ముందుగా చేసే పని మట్టి తోలించడం. రోడ్డుకన్నా మూడడుగులు ఎత్తు రావాలంటాం. టిప్పర్లు మొరం దింపిపోతాయి. దాన్ని పొరలు పొరలుగా తడిపి రోలరు తొక్కించే ఓపిక మనకుండదు. జారిపోకుండా చుట్టూ ఇటుక గోడ లేపి, సిమెంటు పూసి, రంగు వేస్తాం. గేటు మీద పెట్టిన శ్రద్ధ పునాది మీద పెట్టం. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ బయటికి ఉబ్బుతుంది. అప్పుడు మేస్త్రీని తిడతాం.

మేస్త్రీ తప్పు కొంత ఉండొచ్చు. కానీ గోడ అడుగున నీళ్లు కారడానికి పైపులు వదులుదామని అతనంటే వద్దన్నది మనం. పక్కింటివాళ్లతో తగాదా వస్తుందన్నాం, గోడ మీద చారలు పడతాయన్నాం, పాములు దూరతాయన్నాం. మట్టిని ఆపితే చాలనుకున్నాం. మట్టిలోకి దిగిన వాన ఎటు పోతుందో ఆలోచించలేదు.

పదడుగుల గోడ లెక్క చూడండి. వెనక పొడి మొరం ఉన్నంతకాలం గోడ పొడవులో ప్రతి మీటరు మీదా దాదాపు 2.7 టన్నుల తోపుడు పడుతుంది. అదే మొరం పైదాకా నాని, నీళ్లకు దారి లేకపోతే అది 6 టన్నులకు చేరుతుంది. అందులో 4 టన్నులకు పైగా ఒట్టి నీళ్ల తోపుడే. వెనక నల్లరేగడి నింపితే మరీ అన్యాయం. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లోకి మళ్లీ నీళ్లు దిగుతాయి. ఈ లెక్క మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా చెబుతూనే ఉన్నారు. ప్రహరీకి డ్రాయింగ్ ఎందుకని ఇంజినీరును గుమ్మం దగ్గరే ఆపేసింది మనం.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. రాతి గోడైతే అడుగున వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు. వెనక అడుగు మందాన కంకర, కంకరకూ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ బట్ట, అడుగున చిల్లుల పైపు, గోడలో ప్రతి ఐదారడుగులకూ బయటికి వాలుగా మూడంగుళాల పైపు. ఖమ్మం చుట్టూ గ్రానైటు ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. రాయికి కరువున్న ఊరు కాదు మనది.

భద్రాచలం, పాల్వంచ వైపు గుట్ట వాలు తవ్వి ఇళ్లు కట్టుకుంటున్నచోట ఇదింకా ప్రమాదం. అడవి ఉన్నన్నాళ్లు వేర్లూ ఆకుతుక్కూ వానను పట్టి మెల్లగా వదిలేవి. చెట్లు కొట్టి వాలును నిలువుగా చెక్కాక ఆ నీళ్లన్నీ గోడ వీపుకే వస్తాయి.

ఇంటి గోడ దగ్గర చేసిన తప్పునే ఏటి ఒడ్డునా చేశాం. బొక్కలగడ్డ, మోతీనగర్, వెంకటేశ్వరనగర్... ఖమ్మం పక్కన పారే మున్నేరు పొంగితే పరుచుకునే పల్లాలన్నీ ప్లాట్లయ్యాయి. మన ప్లాటు ఎత్తు పెంచిన ప్రతిసారీ ఆ నీళ్లను పక్కవాళ్ల ఇంట్లోకి తోశాం. 2023లో రూ.690 కోట్లతో మున్నేరుకు రెండు వైపులా కాంక్రీటు గోడకు శంకుస్థాపన జరిగింది. 2024 సెప్టెంబరు 1న వరద వచ్చేనాటికి అది పూర్తి కాలేదు. ఆరోజు ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోతే, చివరికి ఒక జేసీబీ డ్రైవరు ప్రాణానికి తెగించి వెళ్లి వాళ్లను తెచ్చాడు. అతన్ని మెచ్చుకుని ఊరుకున్నాం. ఒక్క మనిషి తెగింపు మీద ఆధారపడేలా ఊరిని కట్టుకున్నందుకు మనమందరం సిగ్గుపడాల్సింది.

గోడ పూర్తయితే గట్టెక్కినట్టేనా అంటే, భద్రాచలం వెళ్లి చూడాలి. 1986 ఆగస్టులో గోదావరి అక్కడ 75.6 అడుగులకు చేరింది. ఆ తర్వాత కరకట్ట కట్టారు. 2022 జులై 16న నది 71.3 అడుగులకు లేచినప్పుడు ఆ కట్టే లేకపోతే ఊరి గతి ఏమయ్యేదో. అయితే నది పెరిగితే కట్టలోని తూముల (స్లూయిస్) షట్టర్లు దించాలి. దించగానే ఊళ్లో కురిసిన వాన, మురుగు లోపలే నిలిచిపోతాయి. మోటార్లు పెట్టి ఎత్తి పోయాలి. మోటార్లు చాలకపోతే విస్తా కాంప్లెక్స్ దగ్గర, సుభాష్‌నగర్‌లో కట్ట లోపలి జనమే మునుగుతారు. కట్టతో పాటు నీళ్లకు దారి వదలడం మనకు కొత్త కాదు. మున్నేటి పరీవాహకంలోనే ఉన్న పాఖాల చెరువుకు కాకతీయులు కట్ట వేసినప్పుడు తూములూ అలుగూ కూడా కట్టారు. ఆ కట్ట ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా పని చేస్తోంది.

పత్రికలకు రాసే మేమూ ఇందులో భాగస్థులమే. గోడకు ఎన్ని కోట్లు, ఎన్ని కిలోమీటర్లు అని రాశాం. ఊరి కాలువలు గోడను దాటేది ఎక్కడ, షట్టర్లు ఎవరు దించుతారు, మోటార్లకు కరెంటు పోతే ఏం చేస్తారు అని పట్టుబట్టి అడగలేదు. గోడకు జాగా వదలడానికి జనం వెనకాడితే అదొక తగాదాగా రాశామే తప్ప, వాళ్లకు న్యాయమైన పరిహారం ఎంతో తేల్చమని వెంటపడలేదు. గోడ ఎత్తు గురించి గొంతెత్తిన నాయకులను నమ్మాం, తూముల గురించి మాట్లాడిన ఇంజినీర్ల మాట వినలేదు.

మున్నేరు గోడకు తూములు ఎక్కడెక్కడ వస్తాయో చూపే నక్షాను ప్రతి వార్డులోనూ గోడకు అంటించమని ఈ వేసవిలోనే అడగాలి. ఇళ్ల దగ్గర పనికి ఎవరినీ అడగక్కర్లేదు. నిటారుగా ఉన్న పాత గోడకు అడుగు భాగంలో డ్రిల్లుతో బొక్కలు కొట్టించి పైపులు దించొచ్చు. ఇప్పటికే బయటికి ఒరిగిన గోడను మాత్రం ముట్టుకోకూడదు. ముందు వెనకున్న మట్టి తీయించి, బరువు దించి, అప్పుడే మేస్త్రీని పిలవాలి. దాని కింద పిల్లలను ఆడుకోనివ్వొద్దు.