ఒంట్లో లేని అలారం

చలి మొదలైంది. కిటికీలు బిగించేశాం. తలుపు కింద సందుల్లో పాత తువాళ్ళు కూడా కుక్కేశాం. ఇక వసంతం వచ్చేదాకా ఇంట్లో అందరం పీల్చేది దాదాపు ఆ లోపలి గాలే. అందుకే ఈసారి వంటలూ, పిల్లల చదువులూ పక్కన పెట్టి ఊపిరి గురించి మాట్లాడుకుందాం.

ఊపిరంటే ఛాతీ పైకీ కిందకీ కదలడమే అనుకుంటాం. అది గాలిని లోపలికి చేర్చడం వరకే. అసలు పని ఆ తర్వాత చప్పుడు లేకుండా జరుగుతుంది. మన ఊపిరితిత్తుల్లో వాయుగోణులనే చిన్న చిన్న బుడగలు కోట్లలో ఉంటాయి. అన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న అపార్ట్‌మెంటంత. వాటి గోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. గోడకి ఇటు గాలి, అటు రక్తం. పూజగదిలో వెలిగించిన అగరొత్తి వాసన హాల్లోకి వచ్చినట్టే, వాయువు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి దానంతట అదే పోతుంది. బళ్ళో 'వ్యాపనం' అని చదువుకున్నది ఇదే. పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలే గాలిలో సుమారు 16. ఆ తేడా రక్తంలోకి వెళ్ళింది. బదులుగా కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది.

ఏ జంతువుని చూసినా పల్చటి తడి పొర ఒకటి ఉండాల్సిందే. వానపాముకి చర్మమే ఆ పొర. అందుకే ఎండకి ఒళ్ళు ఆరిపోతే దానికి ఊపిరాడదు. బొద్దింకకి ఒంటి పక్కల పది జతల రంధ్రాలుంటాయి. అక్కడినుంచి సన్నటి గొట్టాలు గాలిని నేరుగా కణాల దాకా చేరుస్తాయి. ఆక్సిజన్ మోయడానికి దానికి రక్తంతో పనే లేదు. నీళ్ళలో ఆక్సిజన్ గాలిలోకన్నా చాలా తక్కువ కాబట్టి, చేప మొప్పల్లో రక్తం నీటికి ఎదురుగా ప్రవహిస్తూ దొరికినంతా లాగేసుకుంటుంది.

ఇంత చక్కటి ఏర్పాటులో ఒక లోపం ఉంది. ఆ పొర దగ్గర కాపలా ఎవరూ లేరు. ఏ వాయువు వచ్చినా దాటి లోపలికి పోవచ్చు.

ఊపిరి బిగబట్టి చూడండి. కాసేపటికి గాలి కోసం ప్రాణం గిలగిల్లాడుతుంది. ఆక్సిజన్ అయిపోయిందేమో అనుకుంటాం. కానీ మెదడుకి ముందుగా తెలిసేది కార్బన్ డయాక్సైడ్ పెరిగిన సంగతి. ఆక్సిజన్‌ని కనిపెట్టే కణాలు మెడ దగ్గర రక్తనాళాల్లో ఉన్నా, రక్తంలో కరిగిన ఆక్సిజన్ బాగా పడిపోతేగానీ అవి గట్టిగా మొత్తుకోవు.

కార్బన్ మోనాక్సైడ్ ఈ రెండు కాపలాల కళ్ళూ కప్పుతుంది. బొగ్గు, కట్టె, గ్యాసు, పెట్రోలు ఏదైనా సరిగ్గా మండకపోతే పుట్టే వాయువిది. రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట, హిమోగ్లోబిన్‌ని దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. రక్తంలో కరిగిన ఆక్సిజన్ తగ్గదు, కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే బయటికి పోతుంటుంది. కాబట్టి చాలాసార్లు ముందుగా ఆయాసం రాదు, నిద్రలో ఉన్నవాళ్ళకి మెలకువ రాకపోవచ్చు.

దీన్ని బొగ్గు గనుల వాళ్ళు ఎప్పుడో గుర్తించారు. 1890ల్లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త చిన్న ప్రాణుల్ని గనుల్లోకి తీసుకెళ్ళమని సూచించారు. కెనరీ పిట్టలు అందుకు బాగా పనికొచ్చాయి. పిట్టకి గాలి సంచులుంటాయి కాబట్టి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ ఊపిరితిత్తుల్లోకి తాజా గాలి పోతూనే ఉంటుంది. చిన్న ఒళ్ళు, వేగమైన ఊపిరి. విషం మనిషికి ఎక్కేలోపే అది కూలబడేది. బ్రిటన్ గనుల్లో 1986 దాకా ఆ పంజరాలున్నాయి.

ఇప్పుడు మన ఇళ్ళకొద్దాం. కాన్పుకి సాయమొచ్చిన అమ్మో అత్తగారో సూట్‌కేసులో సాంబ్రాణి తెస్తారు. పసిబిడ్డకి తలంటి, బొగ్గు నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పట్టడం మనకి ముచ్చట. పెంకుటింట్లో, తలుపులన్నీ తీసి ఉన్న చోట సాగింది. చలికి బిగించిన ఇంట్లో నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి పోయే దారి లేదు. బిడ్డ తల మెత్తటి తువాలుతో కూడా ఆరుతుందని పెద్దవాళ్ళకి నచ్చజెప్పండి. బార్బెక్యూ పొయ్యిని చలికని ఇంట్లోకో గరాజ్‌లోకో తేవద్దు. బొగ్గులు బూడిద రంగుకి తిరిగాక కూడా ఆ వాయువు వస్తూనే ఉంటుంది. గల్ఫ్‌లో ఎడారి క్యాంపులకి వెళ్ళేవాళ్ళు గుడారంలో కుంపటి పెట్టుకుని పడుకోకూడదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచుకి కరెంటు పోయినప్పుడు, వెచ్చదనం కోసం గరాజ్‌లో కారు నడిపి, ఇంట్లో బొగ్గులు రాజేసి ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు. కొందరు చనిపోయారు.

లక్షణాలు ఫ్లూలాగే ఉంటాయి: తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, నీరసం. కానీ జ్వరం ఉండదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వచ్చి, బయటికెళ్తే తగ్గుతుంటే అనుమానించాల్సిందే. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్‌ని మాత్రం నమ్మకండి. హిమోగ్లోబిన్ మీద కూర్చున్నది ఆక్సిజనో మోనాక్సైడో దానికి తేడా తెలీదు, నిక్షేపంగా 98 చూపిస్తుంది. గర్భిణులు మరీ జాగ్రత్తగా ఉండాలి. కడుపులో బిడ్డ రక్తం ఈ వాయువుని తల్లి రక్తం కన్నా గట్టిగా పట్టుకుంటుంది, ఆలస్యంగా వదులుతుంది.

అనుమానం వస్తే కారణం వెతుకుతూ కూర్చోవద్దు. అందరూ ముందు బయటికి వెళ్ళి, అమెరికాలో అయితే 911కి, బ్రిటన్‌లో అయితే 999కి ఫోన్ చేయండి. మామూలు గాలిలో ఆ వాయువు సగం తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర.

చివరగా, ఆ పంజరంలో పిట్ట స్థానంలో ఇప్పుడు మన గోడ మీదున్న అలారం. పోపు వేయగానే కూస్తోందని చాలామందిమి దాన్ని పీకి డ్రాయరులో పడేస్తాం. కొన్ని ఇళ్ళల్లో పొగకీ కార్బన్ మోనాక్సైడ్‌కీ ఉన్నది ఆ ఒక్కటే. మరికొన్ని ఇళ్ళల్లో ఉన్నది పొగ అలారమే, మోనాక్సైడ్‌ది అసలు ఉండదు. ఈ శనివారం ఒక్క ఐదు నిమిషాలు తీసుకుని మీదేదో చూడండి. పడకగదులకి దగ్గరలో, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి. బటన్ నొక్కితే మోగాలి. వెనకాల గడువు తేదీ ఉంటుంది, దాటిపోతే కొత్తది కొనండి. పోపు పెట్టేటప్పుడు చిమ్నీ ఫ్యాను వేసి కిటికీ కాస్త తీయండి, అలారం జోలికి మాత్రం వెళ్ళకండి.