మెదక్ గోపురం నీడలో దాచుకున్న పేరు

డిసెంబరు మూడో వారం దాటగానే విద్యానగర్, అశోక్‌నగర్ అద్దె గదుల్లో ఒక నిశ్శబ్ద ప్రయాణం మొదలవుతుంది. ఏడాది పొడవునా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ కూర్చుని పోటీ పరీక్షలకు చదివే పిల్లల్లో కొందరు సంచి సర్దుకుని జూబ్లీ బస్‌స్టేషన్ దారి పడతారు. తోటివారు అడిగితే 'ఊరికి' అంటారు. క్రిస్మస్ తెల్లవారుజామున మెదక్ పెద్ద గుడిలో ఆరాధనకు నిలబడేందుకు వెళ్తున్నామని మాత్రం చెప్పరు.

ఒక డిసెంబరు సాయంత్రం గ్రంథాలయం ఎదుటి టీ కొట్టు దగ్గర అలాంటి యువకుడొకరితో మాట కలిసింది. మాది కూడా మెదక్ వైపేనని చెప్పాక చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "వెళ్తాను సార్, ఫోటోలు మాత్రం ఎక్కడా పెట్టను" అన్నాడు. చర్చి పుస్తకంలో అతనికి ఒక పేరుంది, పదో తరగతి మెమోలో మరొకటి ఉంది. కుల ధ్రువపత్రంలో హిందూ–మాదిగ అని ఉంది. పండుగపూట గుడిమెట్ల మీద దిగిన ఫోటో ఒకటి రేపు తన ఉద్యోగానికి అడ్డం పడుతుందేమోనన్నది అతని బెదురు. ఆ బెదురుకు చట్టంలోనే మూలం ఉంది. కనుక అతని మౌనాన్ని పిరికితనం అనే హక్కు మనకు లేదు.

అతను వెళ్లే గుడి సామాన్యమైనది కాదు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ చొరవతో 1914లో పని మొదలై, పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన కట్టడం. నూట డెబ్బై అయిదు అడుగుల గోపురం, ఒకేసారి అయిదు వేల మంది కూర్చోగల విశాలమైన ఆలయం. రంగు అద్దాల కిటికీలను చిత్రించింది ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఈ వివరాలన్నీ పర్యాటకులకు చెప్పేవే. కరువు రోజుల్లో పని కల్పించి కూలీల కడుపు నింపిన నిర్మాణమిదని కూడా తప్పక చెబుతారు. ఆ కూలీలెవరో మాత్రం చెప్పరు.

వాళ్లెవరో మా ఇంట్లో తెలుసు. మా నాయనమ్మ చిన్నతనంలో తల్లి వెంట వెళ్లి అక్కడ మట్టి తట్టలు మోసింది. గుడి కట్టిన కథను ఆమె ఎప్పుడూ దేవుడితో మొదలుపెట్టలేదు, గంజితో మొదలుపెట్టేది. ఆ తరువాత, కట్టిన గుడిలోకి తనను ఎవరూ 'దూరం జరుగు' అనకుండా రానిచ్చారని చెప్పేది. ఊరి గుడి గడప తొక్కనివ్వని కాలంలో, ఊరి బావిలో చేద వేయనివ్వని కాలంలో, తాము మోసిన రాళ్ల నడుమ తామే కూర్చోగలగడం ఆమెకు మోక్షం కంటే పెద్ద విషయం. తెలంగాణ మాల మాదిగ వాడలకు క్రిస్మస్ మొదట అలా వచ్చింది. పాలకుల మతంగా రాలేదు, కూర్చోవడానికి దొరికిన చోటుగా వచ్చింది.

కోస్తాలోనూ కథ ఇదే. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమంది మాదిగలకు పని ఇచ్చాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం తీసుకున్నారు. వీళ్లను 'బియ్యం క్రైస్తవులు' అని ఎగతాళి చేసినవారున్నారు. కరువులో బియ్యం పెట్టని సమాజానికి ఆ ఎగతాళి చేసే అర్హత ఎక్కడిది? పైగా క్లౌ కంటే ముందే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తనంతట తాను వెతుక్కుంటూ వెళ్లి, 1866లో బాప్తిస్మం పొంది, వాడవాడకూ తిరిగి ఆ బోధను మోసుకెళ్లాడు. ఈ చరిత్రకు కర్తలు దొరలు మాత్రమే కాదు.

డిసెంబరు 25 మనకు మరో రకంగానూ పండుగ దినమే. మెదక్ గుడి ప్రతిష్ఠ జరిగిన మూడేళ్లకు, 1927లో సరిగ్గా అదే తేదీన, అంబేడ్కర్ నాయకత్వంలో మహద్‌లో మనుస్మృతిని దహనం చేశారు. ఒకచోట అంటరానివారు తాము కట్టిన గుడిలో కూర్చున్నారు, మరోచోట తమను కూర్చోనివ్వని గ్రంథాన్ని కాల్చారు. ఈ రెండూ ఒకే ఆత్మగౌరవ చరిత్రలోని పుటలు.

ఇక వర్తమానానికి వద్దాం. 2024 డిసెంబరు 25న మెదక్ గుడికి నూరేళ్లు నిండాయి. ఆ వేడుకకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా హాజరయ్యారు. అంతకు దాదాపు నెలరోజుల ముందు, రాజ్యాంగ దినోత్సవమైన నవంబరు 26న, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. క్రైస్తవాన్ని ఆచరిస్తూ, కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని వంచించడమేనని దాని సారాంశం. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. నెల వ్యవధిలో రాజ్యం ఒక చేత్తో గుడికి దండ వేసింది, మరో చేత్తో గుడిలోని మనిషిని వంచకుడంది. టీ కొట్టు దగ్గర గొంతు తగ్గించిన కుర్రవాడు ఈ రెండు చేతుల నడుమ నిలబడి ఉన్నాడు.

న్యాయమూర్తులు తమ ముందున్న చట్టాన్ని బట్టి తీర్పు చెప్పారు. అసలు ముడి 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరాలో ఉంది. హిందూమతం కాక వేరే మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డ్ కులస్తులుగా పరిగణించరాదని ఆ పేరా చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు మూసే ఉంచారు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాలవారు బీసీ–సీ కింద ఒక్క శాతంతో సరిపెట్టుకోవాలి. తాత మారితే మనుమడు కూడా మారినట్టే. అత్యాచారాల నిరోధక చట్టం అండ ఉండదు, రిజర్వుడు నియోజకవర్గంలో నిలబడే హక్కు ఉండదు.

'క్రైస్తవంలో కులం లేదు కదా, మరి కులం హక్కు ఎందుకు?' అన్నది తరచూ వినిపించే ప్రశ్న. బౌద్ధంలోనూ కులం లేదు, అయినా 1990 సవరణ న్యాయమైనదేనని మనమందరం ఒప్పుకున్నాం. మతగ్రంథం ఏం చెబుతుందన్నది ఇక్కడ ప్రమాణం కాదు, ఊరు ఏం చేస్తుందన్నదే ప్రమాణం. 1985 జూలైలో కారంచేడులో చనిపోయినవారిలో మోషే అనే పేరున్న మనిషి ఉన్నాడు. ఆ పేరు గొడ్డలిని ఆపలేదు. నరికినవారు బాప్తిస్మపు పుస్తకం తిరగేయలేదు, పల్లె ఏదో చూసుకున్నారు. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిదీ కాదు. 1977లోనే 341వ జీవో ద్వారా ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మతం మారిన దళితులకు కొన్ని ఆర్థిక రాయితీలు కొనసాగించింది. మతం మారినా పేదరికం, వెలి మారలేదని ఒప్పుకోకపోతే ఆ జీవో ఎందుకు?

రెండో అభ్యంతరం మనలోనే ఉంది. కొత్తవారు వస్తే ఉన్న వాటా పలచబడుతుందన్న భయం. దీన్ని కొట్టిపారేయలేను. అయితే 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు ఒకటిన్నర శాతం కూడా లేరు. క్రిస్మస్ నాడు మెదక్ ఆవరణలోనో, డోర్నకల్ ఆలయంలోనో నిలబడి చూసినవారెవరూ ఆ అంకెను యథాతథంగా నమ్మరు. అంటే కొత్తగా రావలసినవారిలో చాలామంది ఇప్పటికే వాటాలో ఉన్నారు, పేరు దాచుకుని ఉన్నారు. నిజంగా కొత్తగా వచ్చేవారికి తగినట్టు వాటా పెంచమని కలిసి అడగాలి తప్ప, అన్నదమ్ముల్లో ఒకరిని చీకట్లో ఉంచి మిగిలినవారు వెలుగు పంచుకోవడం న్యాయం కాదు.

ఈ మాటలు అడిగే ముందు చర్చి కూడా తన ముంగిలి ఊడ్చుకోవాలి. రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు పెళ్లి సంబంధాల దగ్గర బైబిలు మూసి కులం తెరుస్తారు. డయోసిస్ ఎన్నికల్లో మాల మాదిగ లెక్కలు వేయని చోటు అరుదు. అజరయ్య బిషప్పు డోర్నకల్‌లో కట్టించిన ఆలయంలో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ ఒక్కటిగా ఒదిగాయి. 1939లో రాళ్లు చేసిన పని మనుషులు ఇంకా చేయలేదు.

2007లో రంగనాథ మిశ్రా కమిషన్ మూడో పేరాను తొలగించి షెడ్యూల్డ్ కుల హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానించింది. అంతకుముందు, 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. కమిషన్ గడువును పెంచుకోవచ్చు. పరీక్ష రాసేవాడి వయోపరిమితి ఆగదు.

చారిత్రక కట్టడాల దగ్గర క్రిస్మస్ జరుపుకోవడం మంచిదే. మెదక్‌కు దీపాలు పెట్టండి, రోడ్లు వేయండి, బస్సులు నడపండి. గోపురం పగుళ్లు పూడ్చండి. అయితే వారసత్వం అన్న మాటకు మన భాషలో రాయి ఒక్కటే అర్థం కాదు, వారసుడు కూడా ఉండాలి. పాస్నెట్ పేరు చరిత్రలో పదిలంగా ఉంది. మట్టి తట్టలు మోసినవారి పేర్లు ఎక్కడా లేవు, వారి మనుమల పేర్లు రెండుగా చీలి ఉన్నాయి. మూడో పేరా తొలగిన నాడు ఆ కుర్రవాడు మెదక్ మెట్ల మీద ఫోటో దిగి, తన రెండు పేర్లలో తనకు నచ్చినది కింద రాసుకుని, అందరికీ చూపించగలడు. నాయనమ్మ మోసిన తట్టకు కూలి అప్పుడు పూర్తిగా ముట్టినట్టు.