ఇంటిల్లిపాదికీ యోగాభ్యాసం

వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, మాకు ఒకే ప్రశ్న పదిమంది నుంచి పది రకాలుగా వస్తుంది. పిల్లవాణ్ణి యోగా తరగతిలో చేర్పించవచ్చునా? వానితోబాటు మేమూ వెళ్ళవచ్చునా? అక్కడ ఏం చేయిస్తారు? బెంగుళూరులోనూ మైసూరులోనూ పేటపేటకూ తరగతులు వున్నాయి. 2015 నుంచి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినంగా జరుపుతున్నందువల్ల బోర్డులు మరీ పెరిగాయి. కాబట్టి యీ నెల ఆ సంగతే ముచ్చటించుకుందాము.

పిల్లల తరగతీ పెద్దల తరగతీ పేరుకు ఒకటే గాని పనికి ఒకటి కాదు. ఇది మేము కల్పించి చెప్పే మాట కాదు. మైసూరు చరిత్రలోనే వున్నది. చిత్రదుర్గం జిల్లాలో 1888లో పుట్టిన తిరుమలై కృష్ణమాచార్యులవారు 1933లో మహారాజావారి ఆదరణతో జగన్మోహన మహలులో యోగశాల ప్రారంభించారు. అక్కడ నేర్చుకున్నవారు ఎక్కువగా కుర్రవాళ్ళు. ఎగురుతూ దూకుతూ ఒక ఆసనంలోంచి మరొకదానిలోకి పోయే చురుకైన అభ్యాసం వాళ్ళకు చేయించారు. 1950ల్లో ఆయన మద్రాసు చేరారు. అక్కడ తమ వద్దకు వచ్చిన నడివయస్సువారికీ, జబ్బుపడి లేచినవారికీ ఆ దూకుళ్ళు నేర్పలేదు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, వయస్సూ ఆరోగ్యమూ విచారించి, ఎవరికి తగినది వారికి చెప్పారు. 1989లో నూరేళ్ళు నిండి పోయేదాకా ఆయన పద్ధతి అదే. తరగతి వెతుక్కునేవారు మొదట చూడవలసినది యీ విచారణ వున్నదా లేదా అని.

పిల్లల సంగతి చూద్దాము. ఆరేడేళ్ళవారికి అరగంట, మహా అయితే నలభై నిమిషాలు చాలు. తరగతి ప్రశాంతంగా వుంటుందని ఆశించకండి. పిల్లి, పాము, కప్ప, చెట్టు అంటూ మార్జాలాసనం, భుజంగాసనం, మండూకాసనం, వృక్షాసనం ఆటలాగా సాగిపోతాయి. మొదటి రోజు శవాసనంలో పడుకోమంటే సగంమంది కిసుక్కున నవ్వుతారు, తక్కినవారు ఆ నవ్వు చూసి నవ్వుతారు. ఒక నెలకు వాళ్ళను రెండు నిమిషాలు కదలకుండా పడుకోబెట్టగలిగితే ఆ బోధకుడు పని తెలిసినవాడు. ఊపిరి బిగబట్టే కుంభకాలు చిన్నవాళ్ళకు వద్దు. పదిరోజుల్లో శీర్షాసనం నేర్పుతామనే చోటికి అసలే వద్దు.

పిల్లల వొళ్ళు సహజంగానే మెత్తనిది, వంచితే వంగుతుంది. దాన్ని చూసి మురిసిపోయి పతకాల లెక్కలు వేసుకునే తల్లిదండ్రులు వున్నారు. 2020 డిసెంబరులో కేంద్రప్రభుత్వం యోగాసనాన్ని పోటీక్రీడగా గుర్తించిన మాట నిజమే. ఇష్టపడి పోటీకి వెళ్ళే పిల్లను ఆపమని మేము చెప్పము. కాని చుట్టాలు వచ్చినప్పుడల్లా "ఏదీ, మామయ్యకు చక్రాసనం వేసి చూపించమ్మా" అని, అప్పుడే అన్నం తిని లేచిన పిల్లను నట్టింట్లో వంచడం మాత్రం మానండి.

మన వూళ్ళల్లో తరగతులు చాలావరకు కన్నడంలో నడుస్తాయి. నెల్లూరు నుంచి వచ్చిన వియ్యపురాలొకావిడను మన సోదరి ఒకరు సరదాగా వెంట తీసుకుపోయారు. బోధకురాలు "ఉసిరు బిడి, నిధానవాగి బిడి" అనేసరికి ఆవిడ చాప మీదనుంచి లేచి కూర్చుని, "ఉసురు విడవడానికా వదినా, యింత డబ్బు కట్టి వచ్చాము?" అన్నారట. నవ్వుకేం గాని, పెద్దల తరగతిలో అసలు సరుకు ఆ ఉసిరే, అంటే ఊపిరే. గంటసేపట్లో ముందు కీళ్ళు సడలించే కదలికలు, పిదప నిలుచునే ఆసనాలు, కూర్చునేవి, పడుకునేవి, చివర ప్రాణాయామం, శవాసనం వుంటాయి. ఆసనంలో ఊపిరి ఎగశ్వాసగా మారిందంటే మీ శక్తికి మించి వంగారన్నమాట.

భోజనం చేసి మూడు నాలుగు గంటలైనా కావాలి. పూర్వం పీటమీద బాసిపట్టు వేసుకుని తిన్నవాళ్ళం, యిప్పుడు బల్లల దగ్గర తింటున్నాము. యాభై యేళ్ళు దాటిన మోకాళ్ళు పద్మాసనానికి వొప్పుకోకపోతే సుఖాసనం వేయండి, కాకపోతే కుర్చీలో కూర్చోండి. మొదటి వారం కండరాలు లాగుతాయి, అందుకు భయం లేదు. కీలులో పోటు, తిమ్మిరి, కళ్ళు తిరగడం కనిపిస్తే ఆపాలి.

ఎంత మేలు ఆశించవచ్చు? నడుంనొప్పి మాట తీసుకుంటే, 2017లో కాక్రేన్ సంస్థవారు 12 పరిశోధనలను, 1080 మంది వివరాలను కలిపి చూశారు. వ్యాయామం ఏమీ చేయనివారికంటే యోగా చేసినవారికి మూడు నుంచి ఆరు నెలల్లో కొద్దిపాటి నుంచి మధ్యరకం మేలు కనిపించింది. నడుముకు చేయించే తక్కిన వ్యాయామాలకంటే గొప్ప అని మాత్రం తేలలేదు. కొద్దిమందికి నొప్పి పెరిగింది కూడా. మాకు యిది నిరుత్సాహంగా తోచలేదు. నెల రోజుల్లో సర్వరోగాలూ పోతాయనే కరపత్రంకంటే యీ లెక్క నమ్మదగినది.

ఆ కరపత్రాల మాట ఎందుకు ఎత్తామంటే, మేమెరిగిన పెద్దాయన ఒకరు చక్కెరవ్యాధికి మాత్రలు వాడుతూ ఒక తరగతిలో చేరారు. ఆ తరగతి పేరు వ్రాయము. నలభై రోజులకు వొళ్ళు తేలికపడింది. "ఇక ఆ విషాలెందుకు?" అన్నాడట బోధకుడు. ఈయన వైద్యునితో చెప్పకుండా మాత్రలు ఆపారు. రెండు నెలలకు కాలిబొటనవేలి పుండు మానక ఆసుపత్రిలో చేరవలసివచ్చింది. "ఆసనాలు ఒక్కరోజూ తప్పలేదండీ, మాత్రలే తప్పాయి" అని ఆయన భార్య మాతో అన్నారు. వేలు దక్కింది. ఆయన యిప్పుడు వేరొక తరగతికి వెళుతున్నారు, మాత్రల డబ్బా సంచీలో పెట్టుకుని.

యోగాభ్యాసంతో చక్కెర, రక్తపోటు కొంత తగ్గవచ్చు. మందు తగ్గించడమా ఆపడమా అనేది పరీక్ష చేసి వైద్యుడు చెప్పవలసిన మాట. గ్లాకోమా అనే నీటికాసుల వ్యాధి వున్నవారు తలకిందుల ఆసనాల జోలికి పోరాదు. శీర్షాసనంలో కంటిలోపలి వత్తిడి ఇంచుమించు రెండింతలవుతుందని చెన్నై కంటివైద్యులు కొలిచి చూసి 2006లో ప్రకటించారు. గర్భవతులూ, శస్త్రచికిత్స అయినవారూ ముందే చెప్పుకోవాలి. మీరు చెప్పబోతే "అదేం ఫరవాలేదు" అని కొట్టిపారేసే బోధకుని వద్ద ఆగకండి.

రుసుము ఒక నెలకే కట్టండి, ఏడాదికి తగ్గింపు యిస్తామన్నా సరే. ఖరీదైన చాపలు అక్కర లేదు. గచ్చుమీద జారని మందపాటి జంపఖానా చాలు. శవాసనం చివరిదాకా వుండండి. ఇంట్లో కుక్కరు పెట్టాలని మధ్యలోనే లేచి వచ్చేస్తున్నామని మన సోదరీమణులు చాలామంది చెబుతున్నారు. ఆ పది నిమిషాలూ కుక్కరు సంగతి యింట్లో వున్న మగవారు చూసుకోవచ్చును.