పని వస్తే చాలదు, పదిమందికీ తెలియాలి!

వంటిల్లు సర్దుకున్నాక మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీయేనా? తప్పులు దిద్దడం, ఉత్తరాలకు జవాబులు రాయడం వస్తే ఇంటిపట్టునే నాలుగు రాళ్లు సంపాదించుకోవచ్చు. మొయినాబాద్‌లో కాలేజీలు, ఫంక్షన్ హాళ్లు ఉన్నాయి. చేవెళ్లలో కూరగాయల వ్యాపారులున్నారు. రిపోర్టుల్లో భాష దిద్దడానికీ, బుకింగులు, బిల్లులు చూడడానికీ వీళ్లకు మనిషి కావాలి. వెళ్లి అడగండి.

నమూనాగా ఒక్క పేజీ చేసి చూపించండి. నచ్చితే వాళ్లే మరో ఇద్దరికి చెబుతారు. అంతకుమించి ఉచితంగా చేయకండి, సగం డబ్బు ముందే తీసుకోండి. మొహమాటపడితే మిగిలేది కళ్లనొప్పే!

'పనిస్తాం, డిపాజిట్ కట్టండి' అనేవాళ్ల జోలికి పోవద్దు. ప్రభుత్వ 'ఉద్యమ్' నమోదుకు పైసా ఖర్చు లేదు. మహిళా వ్యాపారుల కోసం 2018లో హైదరాబాద్‌లో 'వి-హబ్' పెట్టారు.

విజిటింగ్ కార్డు వేయించుకోండి. దాని మీద ఫలానావారి భార్య అని కాదు, మీ పేరే ఉండాలి సుమా!