చల్లని గది - పచ్చని చేను

గోదావరి తీరాన ఉన్న లక్సెట్టిపేట ప్రాంతంలో నేడు కాలువ కింద వరిచేలు పచ్చగా కానవస్తాయి. ఇది కడెం జలాలు తెచ్చిన కలిమి. అయితే, ఒకనాడు గటకగా, రొట్టెగా ఇక్కడి ప్రజల ఆకలి తీర్చిన జొన్న క్రమంగా వెనుకబడింది. ఒక పంట వెనుకబడినప్పుడు, రైతులు తరతరాలుగా ఏరి కాపాడుకొన్న విత్తన రకాలు కూడా కనుమరుగవుతాయి.

అటువంటి విత్తనాలను పదిలపరచే సంస్థ ఒకటి తెలంగాణలోనే ఉన్నది. అది 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ. దీనినే ఇక్రిశాట్ అంటారు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలైన పంటలకు చెందిన లక్షా ఇరవై వేలకు పైగా విత్తన నమూనాలు ఇక్కడి విత్తన నిధిలో ఉన్నాయి. వీటిని 144 దేశాల నుండి సేకరించారు. దీర్ఘకాలం నిలువ ఉంచవలసిన వాటిని సున్నాకు 20 డిగ్రీల సెల్సియస్ దిగువన భద్రపరుస్తారు.

ఈ నిధి కేవలం ప్రదర్శనశాల కాదు. మహారాష్ట్రలో సేకరించిన నాటు కంది నుండి ఎంపిక చేసిన 'మారుతి' రకం ఎండు తెగులును తట్టుకొన్నది. 1986లో కర్ణాటకలో విడుదలై రైతులకు అండగా నిలిచింది. రైతు చేని నుండి వెళ్ళిన విత్తనం మరల రైతుకే మేలు చేసింది.

అయినా, నిధిలో విత్తనం ఉన్నదన్న ధీమాతో పొలాన్ని విస్మరించడం తగదు. విత్తనం సంగ్రహాలయంలోని ఖడ్గం వంటిది కాదు, దానికి ప్రాణమున్నది. మొలకెత్తే శక్తి సన్నగిల్లినప్పుడు శాస్త్రజ్ఞులు సైతం దానిని మట్టిలో నాటి కొత్త గింజలు పండించుకోవలసిందే. పైగా, చల్లని గదిలో నిద్రించే గింజకు మారుతున్న వానలు, కొత్త తెగుళ్ళు తెలియవు. ఏటేటా చేనిలో పండే పంట వాటికి క్రమంగా అలవాటుపడుతుంది. ఏ కార్తెలో విత్తాలో, ఎట్లా వండుకోవాలో తెలిసిన అనుభవం ప్రజల వద్దనే ఉంటుంది.

అయితే, లాభం లేని పంటను రైతు ఒక్కడే మోయాలనడం న్యాయం కాదు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ గౌరవం వసతిగృహాల భోజనపంక్తి వరకు చేరాలి. జొన్నకు గిట్టుబాటు ధర దక్కాలి. విద్యార్థులు తమ అవ్వాతాతలను అడిగి, ఊరి పాత విత్తనాల పేర్లను, గుణాలను రాసి ఉంచాలి. పేరే మరచిపోయిన విత్తనాన్ని ఎవరూ వెదకి తేలేరు.