ఉప్పల్ రోడ్డు ములుగు దాకా పోతది, మనం ల్యాబుల దాకా పోలేకపోతున్నాం



తార్నాక నుంచి ఉప్పల్ దాకా నాలుగైదు కిలోమీటర్లే. ఆ కొంచెం దూరంలోనే ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ ఉన్నయి. పక్కనే ఉస్మానియా. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ. అదే రోడ్డు పట్టుకుని పోతే భువనగిరి, జనగామ, వరంగల్ దాటి ములుగు, ఏటూరునాగారం వస్తయి. మనలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినోళ్లు ఎంతోమంది నాచారం, మల్లాపూర్ కంపెనీల్లో షిఫ్టులు చేస్తూ రోజూ ఆ గేట్ల ముందు నుంచే బస్సులో పోతుంటరు. లోపల ఏం జరుగుతుందో తెలిసినోళ్లు మనలో ఎంతమంది?

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. 2014 విభజన చట్టంలో రాసిన హామీకి పార్లమెంటులో బిల్లు పాసయ్యేసరికి 2023 డిసెంబర్ అయింది. రూ.889 కోట్లన్నరు. మొదట పెట్టిన కోర్సులు బీఏ ఇంగ్లీషు, బీఏ ఎకనామిక్స్. మంచిదే, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలె. కానీ పరిశోధన, ఇన్నోవేషన్, సుస్థిర అభివృద్ధి అనే మాటలు బిల్డింగులు లేచినంక చూద్దాం అంటే మాత్రం మనం ఒప్పుకోవద్దు. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న పిల్ల అప్పటిదాకా ఆగదు, పెండ్లి చేస్తరు లేదా ఏదో ఒక కొలువులో చేరుతది.

మన మీద పరిశోధన కొత్తేమీ కాదు. నిజాం కాలంలో హైమన్‌డార్ఫ్ వచ్చి చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకాలు తెచ్చిండు. ఉస్మానియాలో పాఠాలు కూడా చెప్పిండు. మార్లవాయిలో గోండి బడి పని కూడా ఆయన చేయించిందే, ఆ మేలు మరువలేం. కానీ ఎనభై ఏండ్లయినా మనం ఇంకా ఎక్కువగా టాపిక్‌గానే ఉన్నం. ప్రశ్న వేసేటోళ్లు వేరే, జవాబు చెప్పేది మనం, పుస్తకం ఉండేది ఇంకెక్కడో.

సికిల్ సెల్ సంగతే చూడండి. 2023 జూలై 1న కేంద్రం మిషన్ మొదలుపెట్టింది. ఏడు కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి ఈ జబ్బు లేకుండా చేయాలని లక్ష్యం. సీసీఎంబీ కూడా ఈ జబ్బు మీద పనిచేస్తున్నది. వేలు గుచ్చి రక్తం తీసుకునుడు తేలికే. కార్డు మీద క్యారియర్ అని వచ్చినంక ఏంది? క్యారియర్ అంటే రోగి కాదు. ఇద్దరు క్యారియర్లు పెండ్లి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ లెక్క కోయలో, గోండిలో, అమ్మమ్మకు అర్థమయ్యేటట్టు చెప్పేదెవరు? సరిగ్గా చెప్పకపోతే గూడెంలో మిగిలేది "ఆ పిల్ల రక్తం మంచిది కాదు" అనే మాట ఒక్కటే. సంబంధం తప్పిపోతది, అదీ ఆడపిల్లకే. ఎట్ల చెప్పాలె, ఎవరితో చెప్పించాలె అన్నది కూడా పరిశోధనే. మైక్రోస్కోప్ ముందు కూర్చున్న సారుకు ఈ ప్రశ్న తట్టదు, ఆ గూడెంలో పెరిగినోళ్లకే తడుతది.

ఇప్పపువ్వు కూడా గంతే. తెల్లవారుజామున రాలుతది, మట్టిలో ఏరుతం, వాకిట్లో ఎండబెడతం, మట్టి అంటిందని రేటు తగ్గిస్తరు. ఉట్నూరు మహిళలు ఇప్పలడ్డూలు చేసి అమ్ముతున్నరు. చెట్టు కింద వల కట్టి ఏరితే ఎంత లాభం, ఎండబెట్టే పెట్టె ఎంత ఖర్చులో చేయొచ్చు, ఇవి ఐఐసీటీ పక్కన కూర్చుని మన పిల్లలే తేల్చగల లెక్కలు. పోడు సంగతి సరేసరి. 2023లో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చిండ్రు, మ్యాపు చదవడం వచ్చినోడు ఊరికొక్కడు ఉన్నడా?

అందుకే మేం అడిగేది ఇది. ములుగు యూనివర్సిటీ ఈ రోడ్డు మీదున్న ల్యాబులతో ఒప్పందం చేసుకోవాలె. ప్రతి ఏడాదీ మన డిగ్రీ, పీజీ పిల్లలకు ఆరు నెలల ప్రాజెక్టు సీట్లు ఇవ్వాలె, స్టైపెండుతో, హాస్టల్‌తో. హబ్సిగూడలో రూము కిరాయి కట్టుకుంటూ ఎవడూ ఉచితంగా పరిశోధన చేయలేడు. ఎస్టీల జాతీయ ఫెలోషిప్ ఉంది కదా అంటరు. దేశం మొత్తానికి ఏడాదికి 750, అదీ పీజీ దాటినంక. మనోళ్లు జారిపోయేది అంతకుముందే. ఇంకోటి, గూడెంలో తీసుకున్న ఏ వివరమైనా పేపర్ అచ్చయ్యేకంటే ముందు గ్రామసభలో మన భాషలో చదివి వినిపించాలె.

"ముందు మెరిట్ తెచ్చుకోండి" అనేటోళ్లు ఉంటరు. పిపెట్ పట్టుకోకుండా పిపెట్ పట్టుడు ఎట్ల వస్తదో వాళ్లనే అడగాలె.

సెప్టెంబర్ 26 సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం. ఆ సందర్భంగా ల్యాబులు విద్యార్థుల కోసం తలుపులు తెరుస్తయి. ఈసారి ఉప్పల్, నాచారం, హబ్సిగూడ రూముల్లో ఉన్నోళ్లం కలిసి పోదాం. బీకాం వాళ్లు కూడా రావొచ్చు, ఎవరూ వద్దనరు. సెల్ఫీలు తర్వాత, ముందు ప్రాజెక్టు సీట్ల గురించి అడుగుదాం. ఎవరిని అడగాలో, దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో రాసుకుని వచ్చి ఊర్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పంపుదాం.