బలం సరే, పగులు వస్తే?

ఏ లోహం పేరు చెప్పినా మన క్లాసులో ముందు వచ్చే ప్రశ్న "స్ట్రెంత్ ఎంత?" నా మటుకు అది రెండో ప్రశ్న కావాలి. మొదటిది: "ఇప్పటికే చిన్న పగులుంటే ఇది ఎంతవరకు ఓర్చుకుంటుంది?" ఫ్రాక్చర్ టఫ్‌నెస్ అంటే అదే కదా.

ఈ తేడా మెటాలిక్ గ్లాసుల్లో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. కరిగిన లోహాన్ని, పరమాణువులు వరసలో సర్దుకునేలోపే చల్లార్చేస్తే అది గాజులాగా చిందరవందరగానే గట్టిపడుతుంది. 1960లో కాల్టెక్‌లో పోల్ డూవెజ్ బృందం బంగారం, సిలికాన్ కలిపి దీన్ని సాధించింది. స్ఫటికాలు లేవు కాబట్టి డిస్‌లొకేషన్లు లేవు. అందుకే అంత బలం. కానీ లాగినప్పుడు మార్పంతా కొన్ని నానోమీటర్ల మందమున్న ఒక్క షియర్ బ్యాండ్‌లో పోగుపడితే, ముందు చెప్పాపెట్టకుండా ఫట్‌మని విరుగుతుంది.

అలాగని అన్నీ ఒకటి కాదు. కొన్ని మెగ్నీషియం గ్లాసుల టఫ్‌నెస్ సుమారు 2 మెగాపాస్కల్ రూట్ మీటర్. కిటికీ గాజుకి కాస్త పైన, అంతే. 2011లో కాల్టెక్, బర్క్‌లీ పరిశోధకులు చూపించిన పల్లాడియం గ్లాసుది దాదాపు 200! దాంట్లో పగులు మొన దగ్గర ఒక్క బ్యాండ్ కాదు, చాలా పుడతాయి. భారాన్ని పంచుకుని ఆ మొనని మొద్దుబారుస్తాయి. ఒంటరిగా ఉంటే చంపేదే, గుంపుగా ఉంటే కాపాడుతోందన్నమాట.

మన పుస్తకంలో ఉన్న గ్రిఫిత్-ఇర్విన్ సూత్రంలో 500 మెగాపాస్కల్స్ ఒత్తిడి వేసి చూడండి. మొదటి దాన్ని విరగ్గొట్టడానికి సుమారు 5 మైక్రాన్ల పగులు చాలు. అంత చిన్న గీత కంటికి కూడా ఆనదు. రెండో దానికి దాదాపు 5 సెంటీమీటర్లు కావాలి. టఫ్‌నెస్ వంద రెట్లు, ఓర్చుకునే పగులు పదివేల రెట్లు.

మరి మన ల్యాబ్‌లో? నున్నటి ముక్కని లాగి గ్రాఫ్ గీస్తాం. ఇంపాక్ట్ టెస్టులో గాటు పెట్టిన ముక్కని కొడతాం, జూల్స్ రాసుకుని రికార్డు మీద సంతకం పెట్టించుకుంటాం. విరిగిన ముఖాన్ని తిప్పి చూసేవాళ్లెంతమంది?

నేనడిగేది పెద్ద మెషిన్ కాదు. ప్రతి డిజైన్ ప్రాజెక్టు రిపోర్టులో ఒక్క లైన్: "ఇందులో ఎంత పొడవు పగులు వస్తే ప్రమాదం?" ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఏ వస్తువూ గీతల్లేకుండా రాదు. ఆ లెక్క వెయ్యకుండా ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ 2 అని రాసేస్తే, అది సేఫ్టీ కాదు, నమ్మకం.